పరాయి మనిషికి పక్క పరిచే ఊరు

మీ ఇంటికో కబురొచ్చిందనుకోండి. "ఒకాయన ఉన్నాడమ్మా. మనసు బాగోదు. తనలో తను మాట్లాడుకుంటాడు. ఒక్కోసారి లేనివి కనిపిస్తున్నాయంటాడు. మీకు చుట్టం కాదు, మీ ఊరివాడూ కాదు. మీ ఇంట్లో ఓ గది ఇచ్చి, మీతోపాటే ఇంత ముద్ద పెట్టి ఉంచుకుంటారా? ఒక నెలా రెండు నెలలా కాదు... బహుశా జీవితాంతం!"

ఏమంటారు? "అమ్మో, పిల్లలున్న ఇల్లు!" అంటారు. నేనైనా అదే అంటాను. అందులో మనల్ని తప్పు పట్టాల్సింది కూడా ఏమీ లేదు.

కానీ అలా అనని ఊరొకటుంది. బెల్జియం దేశంలో, ఆంట్వెర్ప్ నగరానికి తూర్పున, గేల్ అని. జనాభా 40 వేలకు కాస్త అటూ ఇటూ. మామూలు ఊరే. చర్చి, సంత, బడి, పాల ఆవులు, సైకిళ్ళు. ఆ ఊరి ఇల్లాళ్ళు 600 ఏళ్ళకు పైగా మతి చలించినవాళ్ళని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటున్నారు. అమ్మమ్మ పెట్టుకుంది, అమ్మ పెట్టుకుంది, ఇప్పుడు కూతురు పెట్టుకుంటోంది. రోగి అనరు, పిచ్చివాడు అనరు. వాళ్ళ భాషలో ఆ మనిషిని పిలిచే మాటకి అర్థం, డబ్బు కట్టి మన ఇంట్లో భోంచేసే మనిషి అని. అంతే!

ఇదెలా మొదలైందో తెలియాలంటే ఓ అమ్మాయి కథ చెప్పుకోవాలి.

డింఫ్నా కథ

7వ శతాబ్దంలో ఐర్లండులో ఒక రాజు ఉండేవాడట. రాణి చనిపోయింది. ఆ దుఃఖంతో రాజుకి మతి పోయింది. పోయిన రాణి పోలికే ఉన్న స్త్రీని తెచ్చిపెడితే తప్ప మళ్ళీ పెళ్ళి చేసుకోనన్నాడు. దేశమంతా వెతికించాడు. ఆ పోలిక ఉన్నది ఒక్కతే... కన్న కూతురు డింఫ్నా. తండ్రి కళ్ళు తన మీద పడ్డాయని తెలిసిన ఆ పిల్ల, గెరెబెర్నస్ అనే ముసలి గురువుగారిని తోడు తీసుకుని పడవెక్కి సముద్రం దాటి గేల్ చేరింది. తండ్రి వదల్లేదు. దారిలో వాళ్ళు ఖర్చు పెట్టిన నాణేల ఆనవాలు పట్టుకుని వచ్చాడట. గురువుగారిని చంపించాడు. తనతో రానన్న కూతురి తల తన చేత్తోనే నరికాడు. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు.

కథ కథే. దీన్ని కాగితం మీద పెట్టింది 13వ శతాబ్దంలో, అంటే జరిగిందన్న ఆరు వందల ఏళ్ళకి. అయినా ఆ ఊరి జనం దీంట్లోంచి తీసుకున్నది చూడండి. మతి పోయిన తండ్రి చేతిలో చచ్చిపోయిన పిల్ల, మతి పోయినవాళ్ళకే దిక్కయింది! క్యాథలిక్కులు ఆమెని మానసిక వ్యాధులున్న వాళ్ళని కాపాడే పునీతురాలిగా కొలుస్తారు. తనని చంపిన జబ్బు మీద ఆమెకి కోపం లేదని నమ్మారన్నమాట. ఈ ఒక్క నమ్మకం ఊరి నడవడినే మార్చేసిందని నాకనిపిస్తుంది.

ఆమె సమాధి దగ్గర రోగాలు నయమవుతున్నాయని పేరొచ్చింది. యూరప్ నలుమూలల నుంచీ బంధువులు తమవాళ్ళని తీసుకురావడం మొదలుపెట్టారు. పెద్ద చర్చి కట్టారు. దానికి ఆనుకుని రోగుల కోసం ఒక గది. అక్కడ తొమ్మిది రోజుల దీక్ష. ప్రార్థనలు, పూజలు, పునీతురాలి పేటిక కింద నుంచి పాకుతూ వెళ్ళడం, దెయ్యం వదిలించే మంత్రాలు కూడా! ఆ కాలంలో అంతకు మించి ఎవరికీ తెలియదు. మన దగ్గరా గుళ్ళలో మండలం నిద్ర చేయించడం, దర్గాకి తీసుకెళ్ళి పడుకోబెట్టడం, గుణదల మేరీమాత కొండకి మొక్కుకోవడం మీరెరిగినవే.

అయితే తొమ్మిది రోజులు గడిచాక నయం కానివాళ్ళ మాటేమిటి? ఇక్కడే గేల్ అన్ని క్షేత్రాల నుంచీ విడిపోయింది. దీక్ష మళ్ళీ చెయ్యాలి, అంతవరకు ఎక్కడో ఉండాలి. చర్చి గది నిండిపోయింది. గురువులు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని అడిగారు. ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. అలా 'కొన్నాళ్ళకి' వచ్చిన మనిషి పొలంలో చెయ్యి సాయం చేస్తూ, పిల్లల్ని ఆడిస్తూ, పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ ఉండిపోయాడు. తీసుకొచ్చిన బంధువులు ఊరెళ్ళిపోయారు.

1790ల చివర ఫ్రెంచి పాలకులు ఆ ప్రాంతాన్ని ఏలుతూ చర్చి మూసేశారు. పూజలు ఆగాయి గానీ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళని ఎవరూ బయటికి పంపలేదు. అప్పటికే అది భక్తి దాటి అలవాటైపోయింది.

గుండీల సంగతి

1970లలో ఎలెన్ బాక్‌స్టర్ అనే అమెరికా అమ్మాయి, అప్పుడే కాలేజీ చదువు ముగించి, ఈ ఊరిని చూద్దామని వెళ్ళి అక్కడే కొన్నాళ్ళు ఉంది. తర్వాత ఆవిడ న్యూయార్కులో ఇల్లు లేనివాళ్ళకి ఇళ్ళు సమకూర్చే పనిలో పేరు తెచ్చుకుంది. గేల్‌లో తను చూసిన ఒక ఇంటి గురించి ఆవిడ చెప్పిన సంగతి ఇది.

ఆ ఇంట్లో ఉన్నాయనకి ఓ అలవాటు. రోజూ చొక్కా గుండీలన్నీ మెలితిప్పి తెంపేస్తాడు. ఒకటీ రెండూ కాదు, అన్నీ! ఇంటావిడ రాత్రి పనులన్నీ అయ్యాక కూచుని మళ్ళీ అన్నీ కుడుతుంది. పొద్దున్న ఆయన తొడుక్కుంటాడు. సాయంత్రానికి ఒక్కటీ ఉండదు. రాత్రికి మళ్ళీ సూదీ దారం...

మనమైతే ఏం చేస్తాం? గుండీలు లేని బనీను తొడుగుతాం. లేదా నాలుగు చివాట్లు పెడతాం. ఎలెన్‌కి కూడా అలాగే ఓ ఉపాయం తోచింది. చేపల గాలానికి వాడే తీగతో కుట్టెయ్యమంది, ఇక తెగవు కదా! ఇంటావిడ ససేమిరా అంది. అంతకన్నా పొరపాటు పని ఇంకోటి లేదంది. ఆయనకి రోజూ గుండీలు తెంపడం అవసరం, అది ఆయనకి సాయపడుతోంది, తెంపనీ అంది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆవిడ డాక్టరు కాదు. మనస్తత్వ శాస్త్రం చదవలేదు. కుట్టిన గుండీ తెగిపోవడం ఆవిడకి ఓటమిగా తోచలేదు. అంట్లు తోముతాం, మధ్యాహ్నానికి మళ్ళీ అంటవుతాయి. ఇల్లు ఊడుస్తాం, సాయంత్రానికి మళ్ళీ దుమ్ము. మనకి అది జబ్బు లక్షణంగా తోస్తుందా? రోజూ చేసే పనిలో ఒక పని. ఆ గుండీల్ని కూడా ఆవిడ అలాగే చూసింది.

ఇంకో ఇంట్లో ఉన్నాయనకి గోడల్లోంచి సింహాలు వస్తున్నట్టు కనిపించేది. భయంతో వణికిపోయేవాడు. "సింహాల్లేవు, ఏం లేవు, పడుకో" అనలేదు ఆ ఇంటావిడ. లేచి వచ్చి ఆ సింహాల్ని తరిమేసినట్టు చేసేది. ఆయన భయం తగ్గేది. నలుగురు పిల్లల్ని పెంచిన తల్లికి ఈ కిటుకు ఒకరు నేర్పాలా చెప్పండి!

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటుంది. వచ్చే మనిషికి ఉన్న జబ్బు పేరేమిటో ఆ ఇంటివాళ్ళకి సాధారణంగా చెప్పరు. తినడం, నిద్ర, మందులు, దేనికి భయపడతాడు, ఏది ఇష్టం... ఇవి చెబుతారు. మిగతాది ఇంటివాళ్ళే కలిసి బతుకుతూ తెలుసుకుంటారు. పేరు తెలిస్తే మనిషి ముందు పేరే కనిపిస్తుందని కాబోలు. "వాడా, వాడికి పిచ్చి" అనే ముందు "వాడా, వాడికి వంకాయంటే ప్రాణం" అనే స్థితికి రావడమన్నమాట.

సొంతవాళ్ళకి ఎందుకు చేతకాదు?

ఈ ప్రశ్న మీలో కొందరికి గుచ్చుకుంటుందని నాకు తెలుసు. ఇంట్లో అలాంటి బిడ్డనో, తోడికోడలినో, భర్తనో పెట్టుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్న వాళ్ళు ఈ పేజీ చదువుతూనే ఉంటారు. "పరాయివాళ్ళు ఎవరినో అలా చూసుకుంటారట, మేం కన్నబిడ్డ మీద విసుక్కుంటున్నామే" అని బాధపడకండి. దీనికో కారణం ఉంది.

1950లలో లండన్‌లో జార్జి బ్రౌన్ అనే పరిశోధకుడు ఆసుపత్రి నుంచి విడుదలై వెళ్ళిన రోగుల్ని గమనించాడు. కొందరు తల్లిదండ్రుల దగ్గరికో, భార్య దగ్గరికో వెళ్ళారు. కొందరు అద్దె గదులకీ తోబుట్టువుల దగ్గరికీ వెళ్ళారు. దగ్గరి బంధువుల దగ్గరికి వెళ్ళినవాళ్ళే ఎక్కువగా మళ్ళీ ఆసుపత్రికి రావడం ఆయనకి వింతగా తోచింది. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఎత్తిపొడుపులు, కోపం, అలాగే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలని అతి ఆదుర్దా... ఇవి ఎక్కువున్న ఇంట్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. దానర్థం తల్లి వల్ల జబ్బొచ్చిందని కాదు సుమండీ! ఆ మాట ఎవరన్నా నమ్మకండి.

కన్నతల్లికి ఆ కొడుకు పదో తరగతిలో ఫస్టు వచ్చిన రోజు గుర్తుంటుంది. ఇంజనీరవుతాడనుకున్నది గుర్తుంటుంది. ఇప్పుడు వాడు మూల కూచుని గోడకేసి చూస్తుంటే ఆవిడ కళ్ళకి ఇద్దరు కనిపిస్తారు, ఒకడు పోయినవాడు, ఒకడు ఉన్నవాడు. గేల్‌లో ఇంటావిడకి ఉన్నవాడు ఒక్కడే కనిపిస్తాడు. ఆవిడ దుఃఖపడక్కర్లేదు, అందుకే విసుక్కోదు. మరి మన దేశం సంగతి? 1980లలో చండీగఢ్‌లో ఇలాంటి పరిశోధనే చేశారు. లండన్ కుటుంబాలకన్నా మనవాళ్ళు రోగిని దెప్పడం చాలా తక్కువని తేలింది. మనల్ని మనం తిట్టుకోవడం ఎక్కువ గానీ, మనవాళ్ళు మరీ అంత రాతిగుండెలు కారు!

అంతా బంగారమేనా?

కాదు. చెప్పకపోతే తప్పవుతుంది. 1821లో ఎస్కిరోల్ అనే ప్రసిద్ధ ఫ్రెంచి వైద్యుడు గేల్ చూడ్డానికొచ్చాడు. పారిస్‌లో గోడల మధ్య బంధించే రోగులు ఇక్కడ వీధుల్లో, పొలాల్లో తిరుగుతూ కనిపించారు. కానీ కొందరి కాళ్ళకి ఇనప కడియాలూ ఉండేవి. ఊరికే తిండి పెట్టి వెట్టిచాకిరీ చేయించుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఊరంతా దేవతలే ఉంటారా!

అందుకే 1850లో బెల్జియం ప్రభుత్వం చట్టం చేసి ఈ పద్ధతిని తన చేతిలోకి తీసుకుంది. డాక్టర్లని పెట్టింది. 1862లో అక్కడే చిన్న ఆసుపత్రి కట్టింది. వచ్చినవాళ్ళని ముందు అక్కడ ఉంచి, చూసి, ఎవరికి ఏ ఇల్లు సరిపోతుందో తేల్చి అప్పుడు పంపేవారు. తర్వాత ఊళ్ళో స్నానశాలలు కట్టారు. ఇంటివాళ్ళు తమ దగ్గరున్న మనిషిని అక్కడికి స్నానానికి పంపాలి. శుభ్రత ఒక్కటే కాదు కారణం. ఒంటి మీద దెబ్బలున్నాయేమో, చిక్కిపోయాడేమో నర్సు కంట పడుతుంది! ఎంత తెలివైన ఏర్పాటో చూశారా? ఇంటివాళ్ళని నమ్మారు, కానీ గుడ్డిగా నమ్మలేదు.

ఇప్పటికీ అంతే. నర్సు వచ్చి చూసి వెళుతుంది, మందులు వాడతారు, పరిస్థితి అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళతారు. హింసకు దిగే స్వభావం ఉన్నవాళ్ళని ఇళ్ళకి పంపరు. ఇంటివాళ్ళకి ఖర్చుల కింద కొంత డబ్బు ముడుతుంది. దానికోసం ఎవరూ ఇంత తలకెత్తుకోరనుకోండి.

చెప్పడం మరిచాను, చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో పేరు వినే ఉంటారు. 1880లో కొడుకు వాలకం చూసి భయపడ్డ తండ్రి, అతన్ని ఈ గేల్‌కే పంపుదామని చూశాడు. ఆ తండ్రి క్యాథలిక్కు కూడా కాదు, ప్రొటెస్టెంటు పాస్టరు! ఊరి పేరు అంత దూరం పాకింది. విన్సెంట్ ఒప్పుకోలేదు, వెళ్ళలేదు.

1938 నాటికి గేల్ ఇళ్ళల్లో 3,700 మందికి పైగా ఉండేవారు. అదే అత్యధికం. అప్పటి ఊరి జనాభాతో పోలిస్తే వీధికి నాలుగిళ్ళు కాదు, దాదాపు ఏ ఇంటి తలుపు తట్టినా ఒకరు. తర్వాత తగ్గుతూ వచ్చి 2006 నాటికి 500 దగ్గరికి చేరింది. ఇప్పుడు ఇంకా తక్కువ. 2023 డిసెంబరులో యునెస్కో ఈ పద్ధతిని కాపాడుకోదగ్గ మంచి ఆచరణల పట్టికలో చేర్చింది. గౌరవం పెరుగుతోంది, ఇళ్ళు తగ్గుతున్నాయి.

ఎందుకు తగ్గాయంటారు? 1950ల తర్వాత మంచి మందులొచ్చాయి. సొంతంగా గదుల్లో ఉండగలిగే వసతులొచ్చాయి. అవి మంచికే. పొలాలు పోయాయి. ఇంకో కారణం మీరే చెప్పగలరు... పగలంతా ఇంట్లో ఉండే ఆడమనిషి లేదు! ఆవిడ కూడా ఉద్యోగానికి వెళ్ళింది. పుస్తకాలన్నీ ఊరు చూసుకుంది, సమాజం చూసుకుంది అని రాస్తాయి. గుండీలు కుట్టింది సమాజం కాదు. ఒక ఇల్లాలు, రాత్రి పది గంటలకి, దీపం దగ్గర కూచుని. గేల్ గొప్పతనం చెప్పేవాళ్ళు ఈ మాట కూడా చెప్పాలి. అయినా అక్కడావిడ ఒంటరిది కాదు. పక్కింట్లోనూ అలాంటి మనిషే ఉన్నాడు, ఎదురింట్లోనూ ఉన్నాడు. రొట్టెల దుకాణం వాడికీ తెలుసు, చర్చి గురువుకీ తెలుసు, బస్సు డ్రైవరుకీ తెలుసు. ఆయన బజారులో గట్టిగా పాడితే ఎవరూ ఆవిడ వంక అదోలా చూడరు. మన దగ్గర లేనిది అదీ!

మన వాకిట్లో

మొక్కుబడికి వచ్చిన రోగులు మన దేశంలోనూ ఉండిపోతారు. తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టూ అలా వచ్చినవాళ్ళ కోసం ప్రైవేటు వ్యక్తులు పాకలు వేసి, డబ్బు తీసుకుని, గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక పాకకి నిప్పంటుకుంది. కట్టి ఉన్నవాళ్ళు పారిపోలేక పాతికమందికి పైగా కాలిపోయారు. భక్తి అక్కడా ఉంది, గేల్‌లోనూ ఉంది. తేడా, రాత్రికి ఆ మనిషిని ఎక్కడ పడుకోబెట్టారన్నదే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఏ రకంగా గొలుసు వేసినా నేరమే.

మంచి ఉదాహరణ కూడా పక్కనే ఉంది. మన తెలుగువాళ్ళు అన్ని జబ్బులకీ రైలెక్కే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, 1950ల నుంచీ నడుస్తున్న మానసిక వైద్య విభాగంలో, రోగితోపాటు ఇంటివాళ్ళు ఒకరు ఉండాల్సిందే. వంట, స్నానం, మందులు అన్నీ కలిసే. రోగికి వైద్యం, తోడొచ్చినవాళ్ళకి నేర్పు. గేల్‌లో రోగి ఇంటికి వస్తే, ఇక్కడ ఇల్లే రోగి వెంట వస్తుంది.

మనం ఎవరినీ తెచ్చి ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. పక్క వాటాలో ఎవరికన్నా టైఫాయిడ్ వస్తే ఏం చేస్తాం? మెత్తటి అన్నం, చారు క్యారేజీలో పెట్టి పంపుతాం. ఆపరేషనైతే ఆసుపత్రికి పళ్ళు పట్టుకెళతాం. అదే ఆ ఇంట్లో అమ్మాయికి మనసు బాగోలేదని తెలిస్తే? గుమ్మం తొక్కం. పేరంటానికి పిలవం. పిలిచినా "అమ్మాయిని తీసుకురాకండేం" అని కళ్ళతోనే చెబుతాం. ఆ తల్లి గుడికి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా వెనక వరసలో కూచుని పూజ ముగియకుండానే లేచి వచ్చేస్తుంది.

ఆ ఇంటికి ఓ గిన్నెడు పులిహోర పట్టుకెళ్ళండి. జబ్బు గురించి అడక్కండి, బాబాగారి గురించో తాయెత్తు గురించో సలహా చెప్పకండి. మందులు వాడుతుంటే "ఇవి వాడితే అలవాటైపోతాయట" అని భయపెట్టకండి, డాక్టరు చెప్పకుండా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. "నువ్వు బజారుకెళ్ళి రా వదినా, ఓ గంట నేనిక్కడ కూచుంటాను" అనండి. ఏళ్ళ తరబడి ఆ గంట దొరకని ఆడవాళ్ళున్నారు. ఆ గంటలో ఆ అమ్మాయి మీతో మాట్లాడకపోవచ్చు. చిక్కుళ్ళు ముందు పోసుకుని ఈనెలు తీస్తూ కూచోండి. ఆమె కూడా రెండు కాయలు తీసుకుంటుందేమో చూడండి.

ఇంట్లోవాళ్ళకి దారి తోచకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఫోను ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రులు ఎలాగూ ఉన్నాయి. ఆ ఆసుపత్రుల పేరు చెప్పుకుని పిల్లల్ని వెక్కిరించడం మాత్రం మన ఇళ్ళల్లో ఇవాళే మాన్పించండి. ఆ మాట విని, వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళకుండా ఆగిపోతున్నారు.